చంద్రుని గతిని వెదురుబద్దతో కొలిచిన పఠాణి సామంత

ఒడిశా పాఠశాలల్లో చదివే పిల్లలకు పఠాణి సామంత పేరు కొత్త కాదు. ఆయన పేరిట జరిగే గణిత ప్రతిభా పరీక్షకు బరంపురం పరిసరాల తెలుగు ఇళ్ల పిల్లలు కూడా కూర్చుంటుంటారు. అయితే ఆ మహనీయుడు ఎవరో, ఆకాశంలో ఏమి చూశారో, ఏమి కొలిచారో చెప్పమంటే పెద్దలలో చాలామంది తడుముకుంటారు. ఆయన తెలుగువారు కారు, తెలుగులో ఆయనను గురించి వ్రాసినవారూ తక్కువ. కానీ ఏకాదశి ఏనాడన్న ప్రశ్న ఉన్న ప్రతి ఇంటికీ ఆయన చేసిన పనితో సంబంధం ఉన్నది.

బరంపురం నుండి ఆస్కా, భంజనగర్ మీదుగా ఉత్తరానికి సాగితే గంజాం జిల్లా దాటి నయాగఢ్ జిల్లా వస్తుంది. ఇంకా ముందుకు పోతే మహానదికి దక్షిణ తీరాన, నీలమాధవుని క్షేత్రమైన కంటిలోకు చేరువలో ఖండపడా ఉన్నది. పంతొమ్మిదవ శతాబ్దంలో అది కొండల నడుమ ఒక చిన్న సంస్థానం. గంజాం అప్పట్లో మద్రాసు రాజధానిలోని జిల్లా. ఖండపడా ఆ పాలనకు వెలుపల, ఒడియా గడజాత్ సంస్థానాలలో ఒకటి. ఆ సంస్థానపు రాజవంశంలో 1835 డిసెంబర్ 13న శ్యామబంధు సింహ సామంత, విష్ణుమాలీ దేవి దంపతులకు చంద్రశేఖరుడు జన్మించారు. పూర్తి పేరు చంద్రశేఖర సింహ సామంత. లోకానికి మాత్రం ఆయన పఠాణి సామంత.

ఆ ముద్దుపేరు వెనుక ఒక తల్లి భయం ఉన్నది. ఆయనకు ముందు పుట్టిన బిడ్డలు దక్కలేదు. ఈ బిడ్డ అయినా నిలవాలని తల్లిదండ్రులు ఆయనను ఒక ముస్లిం ఫకీరుకు ఇచ్చినట్టు మొక్కుబడి జరిపి తిరిగి తెచ్చుకున్నారు. అందుకే పఠాణి. పుట్టిన బిడ్డ దక్కడానికి చేటలో వేసి అమ్మి, పెంటయ్య అనో పుల్లయ్య అనో పేరు పెట్టుకునే ఆచారం తెలుగు పల్లెల్లోనూ ఉండేది కనుక ఈ పేరు సంగతి మనవారికి విడమరచి చెప్పనక్కరలేదు. రాజవంశపు బిడ్డ జీవితాంతం ఫకీరు ఇచ్చిన పేరుతోనే పిలిపించుకున్నారు.

రాజవంశమన్న మాటే గాని రాజభోగమేమీ లేదు. ఆయన శాఖ సింహాసనానికి దూరం. చదువు ఇంటిపట్టునే సాగింది. ఒక బ్రాహ్మణ పండితుని వద్ద సంస్కృత వ్యాకరణం, స్మృతులు, పురాణాలు, కావ్యాలు చదివారు. పదేళ్ల ప్రాయంలో పినతండ్రులలో ఒకరు కొద్దిగా జ్యోతిషం చెప్పి, రాత్రివేళ నక్షత్రాలను చూపించారు. గురువు నుండి వచ్చిన ఖగోళవిద్య అంతే. ఆపైన ఇంటి తాళపత్ర భాండాగారంలో ఉన్న సూర్యసిద్ధాంతం, భాస్కరాచార్యుని సిద్ధాంతశిరోమణి వంటి గ్రంథాలను వ్యాఖ్యానాల సాయంతో తనంతట తానే చదువుకున్నారు. ఆంగ్లం ఆయనకు రాదు. కడపటి వరకు ఆయన ఎరిగిన భాషలు ఒడియా, సంస్కృతం మాత్రమే.

పదిహేనవ ఏట లగ్నం కట్టడం, గ్రహాలు ఉదయించే వేళలు గణించడం నేర్చుకున్నారు. నేర్చుకున్నది సరిచూచుకోవాలని రాత్రి పూట ఆరుబయట నిలిచారు. చిక్కంతా అక్కడే మొదలయింది. గ్రంథం ప్రకారం ఈ వేళకు ఈ దిక్కున కనిపించవలసిన గ్రహం అక్కడ లేదు. నక్షత్రం ఉదయించవలసిన ఘడియ దాటినా ఉదయించదు. తాను లెక్క తప్పి ఉంటానని మొదట అనుకోవడం ఏ బాలుడికైనా సహజం. మళ్లీ మళ్లీ వేసి చూచినా లెక్క ఒప్పే, ఆకాశం వేరు. ఇటువంటి చోట చాలామంది శాస్త్రాన్ని నమ్మి కన్ను మూసుకుంటారు. కొందరు శాస్త్రాన్ని విసిరి పారేస్తారు. ఆ బాలుడు ఈ రెంటిలో ఏదీ చేయలేదు. సిద్ధాంతాన్ని ఆకాశంతో సరిపెట్టడమే తన జీవితకార్యంగా ఎంచుకున్నారు.

ఆ తేడా ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే తిథి అంటే ఏమిటో ఒకసారి గుర్తు చేసుకోవాలి. సూర్యుని కంటే చంద్రుడు 12 డిగ్రీలు ముందుకు జరిగితే ఒక తిథి పూర్తవుతుంది. అమావాస్యనాడు ఇద్దరూ ఒకే చోట, పౌర్ణమినాడు 180 డిగ్రీల ఎడం. అంటే పంచాంగమంతా ఆ క్షణాన చంద్రుడు ఎక్కడ ఉన్నాడన్న ఒక్క ప్రశ్న మీద నిలిచి ఉన్నది. చంద్రుని స్థానంలో ఒక్క డిగ్రీ తప్పు పడితే తిథి ముగిసే వేళలో సుమారు రెండు గంటల తప్పు పడుతుంది. సూర్యోదయానికి ఉన్న తిథినే ఆ రోజు తిథిగా పట్టుకుంటాము గనుక, ఆ రెండు గంటలు సూర్యోదయానికి అటో ఇటో పడితే ఉపవాసం ఒక రోజు మారిపోతుంది, పితృకార్యం ఒక రోజు మారిపోతుంది.

సరిహద్దు గ్రామాల వారికి ఈ తగవు బాగా పరిచయమే. ఒకే వీధిలో ఒక గోడకు తెలుగు పంచాంగం, పక్కింటి గోడకు ఒడియా పంజి. మనకు సంవత్సరాది చైత్రశుద్ధ పాడ్యమి. వారికి మేష సంక్రాంతి, అదే పణా సంక్రాంతి. మనకు నెల అమావాస్యతో ముగుస్తుంది, వారికి పౌర్ణమితో. శ్రావణ బహుళాష్టమి అని మనం కృష్ణాష్టమి చేసుకునే రోజునే వారు భాద్రవ కృష్ణాష్టమి అంటారు. నెలల పేర్లలో తేడా వచ్చినా తిథిలో తేడా రాకూడదు, ఎందుకంటే ఇద్దరికీ చంద్రుడొక్కడే. తిథిలోనే తేడా వచ్చిందంటే ఏదో ఒక పంచాంగంలో చంద్రుడు తప్పుచోట ఉన్నాడన్నమాట.

చంద్రశేఖరులు ఇరవై మూడవ ఏట నుండి తన పరిశీలనలను క్రమంగా వ్రాసి ఉంచసాగారు. 1857లో అనుగుళ్ రాజకుటుంబానికి చెందిన సీతాదేవితో వివాహమైంది. సంసారం పెరిగింది, రాబడి పెరగలేదు. కొనుక్కుందామన్నా దూరదర్శిని ఆ కొండసీమలో దొరికే వస్తువు కాదు. కావలసిన పరికరాలను వెదురుతో, కర్రతో, సిద్ధాంత గ్రంథాలలోని వర్ణనలను పట్టుకొని తానే తయారు చేసుకున్నారు. శంకువు, చాపయంత్రం, చక్రయంత్రం, గోళయంత్రం, దానంతట అది తిరుగుతూ కాలాన్ని చూపే స్వయంవహ యంత్రం, ఇవన్నీ ఆయన వద్ద ఉండేవి. అన్నింటిలోకి ఆయనకు ప్రియమైనది మానయంత్రం.

మానయంత్రం చూడడానికి ఎంతో సాదాగా ఉంటుంది. 24 అంగుళాల పొడవున్న ఒక సన్నని బద్ద. అంగుళమంటే ఇక్కడ ఇంచి కాదు, వేలి వెడల్పు. 24 అంగుళాలంటే ఒక మూర. ఆ బద్ద కొసన ఇంకొక బద్దను అడ్డంగా, లంబకోణంలో బిగిస్తారు. అడ్డబద్ద మీద వరుసగా గాట్లు, రంధ్రాలు. బద్ద మొదలు కంటివద్ద పెట్టుకొని అడ్డబద్ద రంధ్రం గుండా నక్షత్రాన్ని చూడాలి. నడిమి నుండి రంధ్రం ఎంత దూరమో తెలుసు, మూల బద్ద పొడవు తెలుసు, కనుక కోణం తెలిసిపోతుంది. రంధ్రం నడిమి నుండి సరిగ్గా 24 అంగుళాల ఎడంలో ఉంటే అది 45 డిగ్రీలు. ఉన్నత పాఠశాలలో త్రికోణమితి చదివే పిల్లలకు దీని కిటుకు వెంటనే బోధపడుతుంది. ఈ బద్దతోనే ఆయన కొండల ఎత్తులు, చెట్ల ఎత్తులు కూడా కొలిచి చూపేవారు.

అయితే ఆ పరికరం ఎంత మొరటుదో కూడా చెప్పుకోవాలి. మూరెడు బద్ద కొసన ఒక డిగ్రీ అంటే అర అంగుళం కంటే తక్కువ. డిగ్రీలో అరవయ్యవ వంతును మన శాస్త్రంలో కళ అంటారు. ఆ బద్ద మీద ఒక కళ అంటే రమారమి వెంట్రుక మందం. ఏ ఒక్క రాత్రి కొలతలోనూ అంత సూక్ష్మం దొరకదు. దొరికిందంటే అది ఏళ్ల తరబడి అదే కొలతను మళ్లీ మళ్లీ తీసి, ఒకదానితో ఒకటి సరిపోల్చుకున్నందువల్లనే దొరకాలి. ఆయన ఘనత వెదురులో లేదు, ఎడతెగని ఆ రాత్రులలో ఉన్నది.

ఇరవై ఆరవ ఏట సిద్ధాంతదర్పణం వ్రాయ మొదలుపెట్టారు. 1869లో పూర్తి చేశారు. సంస్కృత శ్లోకాలు, ఒడియా లిపి, తాటాకులు. మొత్తం 2,500 శ్లోకాలలో 2,284 ఆయన స్వంతం, తక్కినవి పూర్వగ్రంథాల నుండి గ్రహించినవి. ఐదు అధికారాలుగా, ఇరవైనాలుగు ప్రకాశాలుగా ఆ గ్రంథం విభజింపబడింది. ఆ ఏళ్ల నడుమనే 1866లో ఒడియా సీమను నఅంక దుర్భిక్షం మట్టుపెట్టింది. ఒడిశా విభాగంలో మూడింట ఒక వంతు జనం నశించారని అంచనా. గంజాం జిల్లా కూడా ఆ కరవు బారిన పడింది. సిద్ధాంతదర్పణపు తాటాకులు అటువంటి కాలంలో నిండాయని తలచుకుంటే ఆ పట్టుదల ఎంతటిదో తెలుస్తుంది.

ఇక ఆయన కనుగొన్నదేమిటి? అనేక సవరణలున్నా చంద్రుని విషయమే శిఖరం.

చంద్రుడు భూమి చుట్టూ పరిపూర్ణ వృత్తంలో తిరగడు. ఒకప్పుడు మూడు లక్షల అరవై మూడు వేల కిలోమీటర్ల దాపుకు వస్తాడు, ఒకప్పుడు నాలుగు లక్షల అయిదు వేల దూరానికి పోతాడు. దగ్గరైనప్పుడు వేగం, దూరమైనప్పుడు మందం. ఈ సంగతి సూర్యసిద్ధాంతం నాటికే తెలుసు. దానికి సంస్కారం కూడా ఉన్నది, గరిష్ఠంగా సుమారు 5 డిగ్రీలు. అయితే చంద్రుని భూమి ఒక్కటే లాగడం లేదు. సూర్యుడు కూడా లాగుతున్నాడు. ఆ లాగుడు అమావాస్యకు ఒక తీరు, అష్టమికి మరొక తీరు. అందువల్ల చంద్రుని నడకలో ఇంకా కొన్ని తడబాట్లు పడతాయి. వాటిలో పెద్దవి మూడు.

మొదటిది చంద్రోచ్చ స్థితిని బట్టి కలిగేది. దీనికి చంద్రశేఖరులు తుంగాంతర సంస్కారమని పేరు పెట్టారు. దీని ఫలితం అష్టమినాడు తెలుస్తుంది. పాత 5 డిగ్రీల సంస్కారం అమావాస్యకు, పౌర్ణమికి చక్కగా సరిపోతుంది. అష్టమికి మాత్రం ఏడున్నర డిగ్రీలు కావలసి రావచ్చు. రెండున్నర డిగ్రీల లోపమంటే తిథిలో ఐదు గంటల లోపం. రెండవది పాక్షిక సంస్కారం. పక్షానికొకమారు పూర్తిగా తిరిగి వచ్చేది గనుక ఆ పేరు. అమావాస్య, అష్టమి, పౌర్ణమి తిథుల్లో ఇది సున్నా. వాటి నడుమ, చవితి దగ్గర, ఏకాదశి ద్వాదశుల సంధిలో ఇది శిఖరానికి చేరుతుంది. దీని గరిష్ఠ పరిమాణం 38 కళల పైచిలుకు అని ఆయన తేల్చారు. నేటి శాస్త్రం చెప్పేది 39 కళల పైచిలుకు. మూడవది దిగంశ సంస్కారం. ఏడాది పొడవునా సూర్యుని దూరం మారడం వల్ల చంద్రుడు కొన్ని నెలలు కొంచెం ముందు, కొన్ని నెలలు కొంచెం వెనుక ఉంటాడు. ఆయన లెక్క 12 కళలు, నేటి విలువ 11 కళలు.

ఇన్ని శతాబ్దాల సిద్ధాంతకర్తలకు ఇవన్నీ ఎందుకు పట్టుబడలేదు? వారేమీ తక్కువవారు కారు. చంద్రుని స్థానాన్ని సరిచూచుకోవడానికి వారు ముఖ్యంగా నమ్ముకున్నవి గ్రహణాలు. గ్రహణ వేళ లెక్కతో కలిస్తే సిద్ధాంతం సరియైనదని పేరు. కానీ గ్రహణాలు పట్టేది అమావాస్యకు, పౌర్ణమికే. పాక్షిక సంస్కారం సరిగ్గా ఆ రెండు తిథుల్లోనే కనిపించకుండా పోతుంది. తుంగాంతరం కూడా ఆ రెండు తిథుల్లో పాత సంస్కారంలో కలిసిపోయి దాగి ఉంటుంది. గ్రహణాల మీదనే చూపు నిలిపినవారికి ఎన్ని వందల ఏళ్లయినా ఆ తప్పు దొరకదు. చవితినాడు, అష్టమినాడు, ఏకాదశినాడు, ఎవరికీ ఆకాశంతో పని లేని మామూలు రాత్రుల్లో చంద్రుని కొలిచినవానికే అది దొరుకుతుంది. చిత్రమేమంటే పంచాంగంతో జనానికి ఎక్కువ పని పడేదీ ఆ తిథులతోనే. వినాయక చవితి, కృష్ణాష్టమి, ఏకాదశి ఉపవాసం, ద్వాదశి పారణ. పూరీ గజపతి రాజుల అంక సంవత్సరం మారే సునియా కూడా భాద్రపద శుద్ధ ద్వాదశే.

పూర్తి న్యాయం కోసం ఇంకొక మాట చెప్పుకోవాలి. మొదటి సంస్కారాన్ని రెండవ శతాబ్దంలో ఈజిప్టులోని టాలెమీ గుర్తించాడు, మన దేశంలో పదవ శతాబ్దపు మంజులాచార్యుడు కూడా గుర్తించాడు. రెండవదానిని ఐరోపాలో పదహారవ శతాబ్దపు టైకో బ్రాహీ కనుగొన్నాడు. మూడవదీ ఆ రోజులలోనే ఐరోపాలో తేలింది. చంద్రశేఖరులు మొట్టమొదటివారు కారు. అయితే టైకో పేరైనా వినని ఒక మనిషి, ఒక రాజు ద్వీపం ఇచ్చి నక్షత్రశాల కట్టించి ఇస్తే టైకో చేసిన పనిని, ఖండపడాలో వెదురుబద్దతో ఒంటరిగా చేశారు. ఎవరు ముందన్న పోటీ కంటే ఇదే విశేషం.

చంద్రకక్ష్య వాలు విషయంలోనూ ఆయన చూపు తప్పలేదు. సూర్యుడు నడిచే దారికి చంద్రుని దారి ఎంత ఒరిగి ఉన్నదో పాత గ్రంథాలు నాలుగున్నర డిగ్రీలుగా చెప్పాయి. ఆయన 5 డిగ్రీల 9 కళలు అన్నారు. నేటి విలువ దానితో కళలో మూడవ వంతు తేడాలోపలే ఉన్నది. గ్రహణం ఎంత మేర పడుతుందన్నది ఈ వాలు మీద ఆధారపడుతుంది. సూర్యమార్గపు వాలును పూర్వులు 24 డిగ్రీలన్నారు, ఆయన ఇరవై మూడున్నర అన్నారు. ఇదీ సత్యానికి చేరువ. గురుని కక్ష్య వాలుకు ఆయన ఇచ్చిన 1 డిగ్రీ 18 కళలు కూడా నేటి విలువకు సరిపోయేదే.

గురుని మాట వచ్చింది కాబట్టి కంటిచూపు హద్దు గురించి చెప్పుకోవాలి. 1610లో గెలీలియో చిన్న దూరదర్శినితో చూచినప్పుడు గురుగ్రహం చుట్టూ నాలుగు చంద్రులు కనిపించాయి. ఆ చంద్రులకు గ్రహణం పట్టే వేళలను చూచి ఊళ్ల రేఖాంశాలు కట్టడం తరువాత పరిపాటి అయింది. కుంఫిణీవారు 1792లో మద్రాసులో నెలకొల్పిన నక్షత్రశాలలోనూ ఆ పని జరిగింది. మద్రాసు రేఖాంశమే దేశపు కొలతలకు ఆధారమైంది కనుక పాత గంజాం పటాలలోనూ ఆ గురుచంద్రుల పాలు కొంత ఉన్నది. సిద్ధాంతదర్పణంలో ఆ చంద్రులు లేవు. దూరదర్శిని లేని కంటికి అవి అందవు.

అయితే చంద్రశేఖరులు మన చంద్రునిలో పట్టుకున్న తడబాటుకు అన్న వంటిది గురుని చుట్టూ కూడా ఉన్నది. ఆ నాలుగింటిలో గురునికి అతి సమీపంలో తిరిగేది అయో. పరిమాణంలో మన చంద్రుని కంటే కొంచెమే పెద్దది. గురునికి దాని దూరం సుమారు 4 లక్షల 22 వేల కిలోమీటర్లు, అంటే మనకూ చంద్రునికీ ఉన్న దూరానికి కొంచెం ఎక్కువ. మన చంద్రుడు 27 రోజులకు పైగా తీసుకునే ప్రదక్షిణను అయో నలభై రెండున్నర గంటల్లో ముగిస్తుంది. గురుడు భూమికి 318 రెట్లు బరువైనవాడు, ఆ ఆకర్షణ అటువంటిది. అయో నాలుగు చుట్లు తిరిగేసరికి దాని బయటనున్న యూరోపా రెండు చుట్లు, గనిమీడ్ ఒక చుట్టు తిరుగుతాయి. ఆ తాళం తప్పదు. మన చంద్రుని సూర్యుడు పక్కకు లాగినట్టే ఆ రెండూ అయోను విడవకుండా లాగుతుంటాయి, దాని కక్ష్యను వృత్తం కానివ్వవు. దూరంలో వచ్చే మార్పు మూడున్నర వేల కిలోమీటర్లే అయినా, గురుని చెంత అది చిన్న సంగతి కాదు. అయో గట్టినేలే సముద్రపు పోటులాగా లేచి పడుతుంది. ఆ రాపిడికి లోపల రాయి కరుగుతుంది. 1979లో వాయేజర్ 1 నౌక పోయి చూస్తే అక్కడ అగ్నిపర్వతాలు మండుతున్నాయి. నేటికి గుర్తించినవి దాదాపు నాలుగు వందలు. నేలంతా గంధకపు పసుపు. సాధారణ ప్రదేశం మైనస్ 130 డిగ్రీల కంటే చల్లన, లావా వేయి డిగ్రీలకు మించి వేడి. గురుని అయస్కాంత క్షేత్రంలో చిక్కిన రేణువుల తాకిడి మనిషిని ఒక్క రోజు కూడా బ్రతకనీయదు. 2023 డిసెంబర్‌లో, 2024 ఫిబ్రవరిలో జూనో నౌక దాని నేలకు సుమారు 1,500 కిలోమీటర్ల దూరం నుండి దాటిపోతూ చిత్రాలు తీసింది. కక్ష్యలో కొద్దిపాటి తడబాటు ఇక్కడ మనకు తిథిని మారుస్తుంటే అక్కడ కొండలను కరిగిస్తున్నది.

చంద్రశేఖరుల విశ్వచిత్రం సంపూర్ణంగా నేటిది కాదు. బుధుడు, శుక్రుడు, కుజుడు, గురుడు, శని సూర్యుని చుట్టూ తిరుగుతాయని, ఆ పరివారంతో సూర్యుడు భూమి చుట్టూ తిరుగుతాడని ఆయన నిర్ణయించారు. టైకో చెప్పినదీ ఇదే. భూమి కదులుతుందన్న మాటను ఆయన అంగీకరించలేదు. దాన్ని దాచనక్కరలేదు, దానికి సాకులు చెప్పనక్కరలేదు. చంద్రుని విషయంలో మాత్రం ఆ పొరపాటు అడ్డు రాలేదు, ఎందుకంటే చంద్రుడు నిజంగానే భూమి చుట్టూ తిరుగుతున్నాడు.

1874 డిసెంబర్ 9వ తేదీ ఉదయం శుక్రుడు ఒక నల్లని చుక్కలాగా సూర్యబింబం మీదుగా నడిచి వెళ్లాడు. ప్రపంచం నలుమూలలా శాస్త్రజ్ఞులు ఓడలెక్కి దూరతీరాలకు పోయి దానిని పరిశీలించారు. కలి 4975వ సంవత్సరంలో శుక్రుని వల్ల కలిగిన ఈ సూర్యగ్రహణపు ప్రస్తావన సిద్ధాంతదర్పణంలో ఉన్నది. ఆ ఉదయాన్నే విశాఖపట్టణంలో అంకితం వెంకట నరసింగరావు గారు తన నక్షత్రశాలలోని దూరదర్శినితో ఆ దృశ్యాన్నే చూచి వివరాలు లండనుకు పంపారు. మామగారైన గోడే వెంకట జగ్గారావు గారు 1840 ప్రాంతంలో స్థాపించిన శాల అది. ఒక తెలుగు జమీందారీ కుటుంబం, ఒక ఒడియా సామంతుడు, నడుమ గంజాం జిల్లా. ఒకరికి ఆంగ్లము, దూరదర్శిని, లండను రాయల్ ఖగోళ సంఘంలో సభ్యత్వం. ఇంకొకరికి తాటాకు, వెదురుబద్ద. అప్పుడు ఈ తీరాన రైలు కూడా లేదు.

గుర్తింపు ఆలస్యంగా వచ్చింది. పూరీ గజపతి 1870లో ఆయనకు హరిచందన మహాపాత్ర బిరుదునిచ్చారు. స్వంత సంస్థానంలో మాత్రం నాటి రాజుతో ఆయనకు పొసగలేదు. ముప్పై ఏళ్ల పాటు గ్రంథం తాటాకుల మీదనే ఉండిపోయింది. ఆయన లెక్క గట్టిన గ్రహణాలు సరిపోతున్నాయని చుట్టుపక్కల సీమల్లో పేరు వచ్చింది గాని గ్రంథం చదివి విలువ కట్టగలిగినవారు లేరు. ఆ లోటు తీర్చినవారు కటకంలోని రావెన్‌షా కళాశాలలో విజ్ఞానశాస్త్రం బోధించిన బంగాలీ ఆచార్యుడు జోగేశ్ చంద్ర రాయ్. ఆయన తాటాకు శ్లోకాలను ఐరోపా లెక్కలతో పక్కపక్కన పెట్టి చూచి నిర్ఘాంతపోయారు. ఆఠమల్లిక్, మయూర్‌భంజ్ రాజుల ధనసహాయంతో 1899లో కలకత్తాలో గ్రంథం అచ్చయింది. రాయ్ గారు దానికి సుదీర్ఘమైన ఆంగ్ల పీఠిక వ్రాశారు. ఆ పీఠిక వల్లనే అదే ఏట లండనులోని నేచర్ పత్రిక సమీక్ష ప్రకటించి, ఆయనను టైకోతో పోల్చింది. ఒడియా పండితుని సంస్కృత గ్రంథాన్ని ఒక బంగాలీ ఆచార్యుడు ఆంగ్లంలో పరిచయం చేస్తే గాని లోకానికి తెలియలేదు.

అంతకు మునుపే, 1893లో, ప్రభుత్వం ఆయనకు మహామహోపాధ్యాయ బిరుదును, నెలకు యాభై రూపాయల భరణాన్ని ప్రకటించింది. అప్పటికి ఆయన వయస్సు యాభై ఏడు దాటింది. యాభై రూపాయలు ఆ రోజుల్లో తక్కువ మొత్తం కాకపోయినా, అక్కర ఉన్న వయస్సంతా దాటిన తరువాత వచ్చింది. బిరుదు కంటే ఆయనకు తృప్తినిచ్చిన గౌరవం వేరొకటి ఉండి ఉండాలి. శ్రీక్షేత్రంలో జగన్నాథస్వామి సేవలకు, యాత్రలకు తిథివేళలు ఆయన గణితాన్ననుసరించి చూడడం మొదలయింది. రథయాత్రకు పూరీ వెళ్లే తెలుగు యాత్రికులు తెలియకుండానే ఆయన లెక్కను అనుసరించినవారయ్యారు.

1904 జూన్ 11న పూరీలోనే చంద్రశేఖరులు కన్నుమూశారు. మరణానంతరం పేరు పెరిగింది. భువనేశ్వర్‌లోని నక్షత్రశాలకు, పూరీలోని కళాశాలకు ఆయన పేరు పెట్టారు. 2001లో తపాలా శాఖ స్మారక బిళ్లను విడుదల చేసింది.

ఆయన పోయిన పదిహేనేళ్లకు, 1919లో, అమెరికాలో ఉన్న గణితజ్ఞుడు బ్రౌన్ చంద్రగతి పట్టికలను ప్రకటించాడు. చంద్రుని స్థానం సరిగ్గా తేల్చడానికి అతనికి దాదాపు 1,500 సంస్కారాలు కావలసి వచ్చాయి. వాటిలో సూర్యుని ఆకర్షణ వల్ల కలిగేవాటిని పెద్దదానితో మొదలుపెట్టి వరుసగా పేర్చితే మొదటి మూడూ తుంగాంతరం, పాక్షికం, దిగంశమే.